అతుకు కింద పోయిన దేశం

సామ్రాజ్యాలు లేచిన తేదీలూ కూలిన తేదీలూ చరిత్రకారులు రాసిపెట్టారు గానీ, మేనేజరుగారు రోజూ పొద్దున్నే తన బల్ల మీది గ్లోబును తిప్పే ఘడియను ఒక్కరూ రాయలేదు. తప్పు చరిత్రకారులదే. పేపర్లో వ్యాపారం పేజీ చదివి, గొంతు సవరించుకుని, ఆ పూట ఏ దేశం పైకొస్తోందో ఆ దేశం గుమ్మానికి ఎదురుగా వచ్చేలా ఆయన గ్లోబును చూపుడువేలితో నెట్టేవారు. అంతదాకా ప్రపంచం తన కోసం ఆగి ఉంటుందని ఆయన నమ్మకం.

ఆ కార్ఖానాలో తయారయ్యేవి బడి గ్లోబులే. యజమాని ఆయన బావమరిది. మేనేజరు కుర్చీ కోసం ఆయన పడ్డ కష్టమల్లా పెళ్ళి చేసుకోవడం. అట్ట బంతి మీద పటం పట్టీలు జిగురుతో అతికించేది ఆయన భార్య, ఇంకొందరు ఆడవాళ్ళు. చివరి పట్టీ మొదటి పట్టీ మీదికి బొటనవేలంత ఎక్కుతుంది. ఆ అతుకు కింద పడ్డది ఇక కనబడదు. అందుకే అతుకు ఎప్పుడూ నడిసముద్రంలో వేస్తారు. నీళ్ళ తరఫున అడిగే దిక్కెవరు?

ఆ ఏడు ఒక్కటే పెద్ద ఆర్డరు వచ్చింది, బడుల నుంచి. అది పోతే కార్ఖానాకు తాళమే. సరిగ్గా అప్పుడే మేనేజరుగారికి జ్ఞానోదయమైంది.

"ఏమోయ్ బావమరిదీ, పడమటి పెద్ద దేశం పనైపోయింది. సంపదంతా తూర్పుకి జరుగుతోంది. అతుకేదో ఆ దేశం మీదే వేయిద్దాం."

"అంతేనంటావా బావా?" అన్నాడు యజమాని. వ్యాపారం పేజీ చదవనివాడికి, చదివినవాడంటే ఉండే భయం అది.

"ఏవండీ, పాపం ఆ దేశం మిమ్మల్నేమంది?" అంది భార్య.

"నీకు జిగురు తప్ప ఏం తెలుసే?"

"మీ కబుర్లకన్నా అదే నయం. అంటుకుంటుంది."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్వుతూనే చెప్పినట్టు అతికించారు. ఆ దేశం నడుము రాజధానితో సహా సమాధి అయింది. దాని రెండు తీరాలూ వియ్యంకుల్లా పక్కపక్కన కూర్చున్నాయి.

సరుకు వెళ్ళిన వారానికి ఒక హెడ్మాస్టరు గ్లోబు చంకన పెట్టుకుని దిగాడు. అతుకు చూపించి, "ఈ దేశం రాజధాని ఏదండీ?" అన్నాడు.

మేనేజరుగారు లేచి నిలబడి, మారకం రేట్లతో మొదలెట్టి ఓడరేవుల దాకా దంచేశారు. హెడ్మాస్టరు ఓపిగ్గా టీ ముగించాడు.

"మహానుభావా, ఆ దేశం చితికితే చితకనివ్వండి. పరీక్షలో మాత్రం వస్తుంది. పిల్లాడు వేలెక్కడ పెట్టాలి?"

ఇన్నాళ్ళూ వేలితో ప్రపంచాన్ని తిప్పిన మనిషి, ఆ వేలిగోటితోనే అతుకు అంచు గీకడం మొదలెట్టారు.

బళ్ళు తెరిచేలోగా బాగుచేసిస్తేనే ఆర్డరు నిలుస్తుందన్నారు బడులవాళ్ళు. సరుకంతా తిరిగొచ్చింది. పాత ప్రపంచం మీదే కొత్త ప్రపంచం అతికించాలి, దానికి జిగురు బోలెడు కావాలి. "బావా, కాస్త ఇలా రా" అని యజమాని జిగురు కలిపే గరిటె చేతికిచ్చాడు.

"ఎటు తిప్పాలే?" అన్నారు మేనేజరుగారు భార్యతో.

"ఎటైనా తిప్పండి. గడ్డకట్టకపోతే చాలు."

అతుకు మళ్ళీ సముద్రంలోకి పోయింది. ఆర్డరు నిలిచింది. మేనేజరు కుర్చీలో ఇప్పుడు అట్ట బంతులు ఆరబెడుతున్నారు, పనేమీ ఆగలేదు. పేపరు మాత్రం రోజూ వస్తుంది. జిగురు అంటకుండా బల్ల మీద పరుస్తారు.