చుట్టాల కుండ

పోయిన ఆదివారం సాయంత్రం మనవరాలు నన్ను రుషికొండ తీరానికి తీసుకెళ్లింది. అక్కడ మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి నా ముందు ఫోను పెట్టి, తీరం శుభ్రంగా ఉందా, మళ్లీ వస్తారా అని ఆరు ప్రశ్నలకు నక్షత్రాలు నొక్కమంది. మాకన్నా ముందు నిలబడ్డ జంట నిమిషంలో నొక్కేసి వెళ్లిపోయారు. నాకు పదకొండు నిమిషాలు పట్టింది. "అన్నిటికీ ఐదు నొక్కీ అమ్మమ్మా, ఆ పిల్ల హ్యాపీ, మనకేటి పోయింది?" అని మనవరాలు నవ్వింది. ఏం పోతుందో నాకు తెలుసు కనుక నేను నవ్వలేకపోయాను.

పెళ్లయిన మూడో ఏడు మొదలుకొని పన్నెండేళ్లు నేను సర్వేలు చేశాను. విశ్వవిద్యాలయంలో వ్యాపారశాస్త్రం చెప్పే మాస్టారి కింద మేం ఆరుగురం ఆడవాళ్లం ఉండేవాళ్లం. ఇంట్లో సబ్బు ఎవరి ఇష్టప్రకారం కొంటారు, సముద్రం చూడ్డానికి వచ్చే పొరుగూరివాళ్లు ఎన్నాళ్లుంటారు, తిరిగి వెళ్తూ ఏం పట్టుకెళ్తారు, ఇలాంటివి అడిగి ఫారాల మీద టిక్కులు పెట్టేవాళ్లం. అట్ట పట్టుకుని గుమ్మం ఎక్కితే జనాభా లెక్కలవాళ్లమనుకుని పిల్లలందరినీ పిలిచి వరసగా నిలబెట్టే ఇళ్లు మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. మాస్టారు చెప్పిన నియమం ఒక్కటే, వాళ్లు అన్నదే రాయాలి, మన అభిప్రాయం కలపకూడదు. ఏ ఇంటికి ఎన్ని గంటలకు వెళ్లానో కూడా నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నా ఫారం ఒక్కటీ వెనక్కి రాలేదన్న గర్వం ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక కంపెనీ, చుట్టుపక్కల పల్లెలకు తాను చేసిన మేలు గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని మాస్టారిని అడిగింది. నాకు వచ్చిన ఊరు గాజువాక దాటి బస్సులో నలభై నిమిషాల దూరం. అక్కడికి మొదట్లో రోజు విడిచి రోజు కంపెనీ పంపే మంచినీళ్ల ట్యాంకరు వచ్చేది, తర్వాత ఆ కంపెనీయే బోరు తవ్వించి వీధి కుళాయిలు పెట్టించింది. నేను వెళ్లేనాటికి ట్యాంకరు ఇంకా వస్తూనే ఉంది. ఫారంలో తొమ్మిదో ప్రశ్న కుళాయి నీళ్ల గురించి. రెండు రోజుల్లో యాభై ఎనిమిది ఇళ్లు తిరిగితే యాభై ఏడిళ్లలో "బాగున్నాయమ్మా" అన్నారు, ప్రతి ఇంట్లోనూ గ్లాసు నిండా నీళ్లిచ్చారు. నీళ్లు తియ్యగా ఉన్నాయి. వాళ్ల మాటకు నా నాలుకే సాక్ష్యమనుకున్నాను.

చివరి ఇల్లు మూలనుంది. ఆ ఇల్లాలు నాకన్నా పదేళ్లు పెద్దది, రెండు మాటలకే నన్ను చెల్లెల్ని చేసేసుకుంది కనుక నేనూ అప్పా అన్నాను. ఆమె లోపల పొయ్యి ఎగదోస్తుంటే, మళ్లీ దాహం వేసి, గుమ్మం పక్క కుండలో నేనే ముంచుకుని తాగాను. ఉప్పు, ఆ ఉప్పు కింద ఏదో చేదు. మింగలేకపోయాను.

అప్ప పరుగున వచ్చి గ్లాసు లాక్కుంది. "అయ్యో, అది మాది సెల్లీ! సుట్టాల కుండ ఆ మూలనుంది. నన్నడగొచ్చు గదా, నోట్లో నాలిక నేదేటి?"

కుళాయి నీళ్లు ఇంటివాళ్లకు, ట్యాంకరు నీళ్లు పసిపిల్లలకూ వచ్చినవాళ్లకూ. ఊరంతా అంతేనట. మరి బాగున్నాయని ఎందుకన్నారని అడిగాను.

"నీళ్లేయించినోళ్ల తరపున వచ్చినావు. మొకం మీద బాగునేదని ఎలగంటాం? ఎదురు సెప్తే ఆ టేంకరు కూడా మానేత్తారేటో. బాగుందనే రాసీ."

ఫారం అంచున జాగా ఉంది. నేను అందులో ఏమీ రాయలేదు. ఆమె అన్నది బాగుందని, కాబట్టి యాభై ఎనిమిదో టిక్కు కూడా అదే గడిలో పెట్టాను. ఫారాలు చూసి మాస్టారు మెచ్చుకున్నారు.

నాలుగు నెలల తర్వాత గాజువాకలో సిటీబస్సు ఎక్కితే, రెండు ప్లాస్టిక్ క్యాన్లు కాళ్ల మధ్య పెట్టుకుని అప్ప కూర్చుని ఉంది. మరిది ఇంటి నుంచి నీళ్లు పట్టుకెళ్తోంది. కుళాయి నీళ్లతో ఊరంతా తృప్తిగా ఉంది కనుక ఇక అక్కర్లేదని ట్యాంకరు మానేశారట. కోపంగా చెప్పి ఉంటే బాగుండేది, నా వైపు జరిగి మెల్లగా అంది.

"మేం మరియాదకన్నాం సెల్లీ. నువ్వు రుసి సూసి రాసినావు."

మర్నాడు పొద్దున్నే మాస్టారి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. చెప్పింది రాశావు, తప్పేముంది అన్నారాయన. నియమం మీదే కానీ ఆ ఉప్పు తెలిసిన నాలుక నాదని, ఒక్కసారి నాతో ఆ ఊరు రమ్మని పట్టుబట్టాను. వచ్చారు. అప్ప ఇంట్లో ఇప్పుడు ఒకటే కుండ ఉంది. పెద్దాయన ఎండన పడి వస్తే నీళ్లివ్వకుండా ఉండలేదు, ఇవ్వడానికి ఆ నీళ్లు తప్ప లేవు. గ్లాసు కడిగి, మళ్లీ కడిగి, నింపి ఆయన చేతికిచ్చి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు. ఆ వారమే కంపెనీకి ఉత్తరం రాశారు, ఇరవై మూడు రోజులకు ట్యాంకరు తిరిగి వచ్చింది. ఆ లెక్క నా నోటుబుక్కులో ఉంది. గోడ వైపు తిరిగిన ఆ మనిషి గురించి మాత్రం అందులో ఏమీ రాసుకోలేదు.

ఇప్పుడు అటువైపు ఇళ్లన్నిటిలోనూ కొనుక్కున్న నీళ్ల డబ్బాలే, ఇంటివాళ్లకూ వచ్చినవాళ్లకూ అవే నీళ్లు. నచ్చనిదాన్ని జనం మొహమాటం లేకుండా నచ్చలేదంటున్నారు. అది మంచిదే, ఆ రోజుల్లో అలా అనగలిగి ఉంటే ఆ ఊరికి అన్ని రోజుల ఉప్పు తప్పేది. అయినా తాము ఉప్పునీళ్లు తాగుతూ, ముక్కూ మొహం తెలియని నాకోసం తియ్యని నీళ్లు దాచిన యాభై ఎనిమిది ఇళ్లను నేను ఒక్క గడిలో సర్దేశాను. వాళ్ల మర్యాదను అడిగి తెలుసుకునే ప్రశ్న మా ఫారాల్లో లేదు. ఇప్పుడు అలాంటి ప్రశ్న రాయడం నాకు వచ్చు, కానీ దాన్ని పట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలో తెలియడం లేదు.