గోదారి క్లబ్ రాజేశ్వరమ్మ

అమెరికాలోని ఎడిసన్ రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, ఒకప్పుడు సోఫాలు అమ్మిన దుకాణంలో ఇప్పుడు 'గోదారి' అనే నైట్‌క్లబ్ నడుస్తోంది. చిన్న వేదిక, ఒక పియానో, గోడవారగా బల్లలు. యజమానురాలు రాజేశ్వరమ్మే అక్కడ ప్రధాన గాయని. ఆమె మాతృభాష తెలుగు, పౌరసత్వం ఫ్రాన్సుది. పుట్టింది యానాంలో. తండ్రి ఫ్రెంచి సైన్యంలో పనిచేయడంతో ఆ కుటుంబం ఫ్రెంచివాళ్లుగానే ఉండిపోయింది.

యవ్వనంలో పారిస్‌లోని మేనత్త ఇంటికి చేరిన రాజేశ్వరమ్మ, ఒక మధ్యాహ్నం తిన్నగా ఒక కాబరే తలుపు తట్టింది. జనం భోంచేస్తూ, వైన్ తాగుతూ ఆటాపాటా చూసే చోటది.

"ఇండియా అమ్మాయివి, డాన్స్ చేస్తావా?" అన్నాడు యజమాని.

"డాన్స్ రాదు. పాట వచ్చు."

పాట విని పనిలోకి తీసుకున్నాడు గానీ, తలమీద నెమలి ఈకల కిరీటం పెట్టి 'మహారాణి కమల' అని పేరు మార్చేశాడు. చప్పట్లు బాగానే పడేవి. అవి ఆ కిరీటానికా, తన గొంతుకా అన్నది మాత్రం ఆమెకు తేలేది కాదు. కొన్నేళ్లు ఓపిక పట్టింది. చివరికి ఒకరోజు ఉప్పాడ చీర కట్టుకుని వేదిక పక్కకొచ్చి నిలబడింది.

"వెళ్లి మార్చుకో," అన్నాడతను.

"ఇలాగే పాడతాను. రాజేశ్వరి అని పిలవండి."

అతను ఒప్పుకోలేదు. ఆమె చీరతోనే బయటికి నడిచింది. ఆ వీధిలోనే అంతకంటే చిన్న కాబరేలో సొంత పేరుతో పాడింది. ఈసారి చప్పట్లు దేనికో ఆమెకు తెలిసింది. ఆ పేరే ఆమెను న్యూయార్క్ దాకా తీసుకొచ్చింది. అక్కడి హోటళ్లలో ఏళ్ల తరబడి పాడాక, ఇక ఒకరి వేదిక మీద నిలబడనని ఎడిసన్‌లో 'గోదారి' తెరిచింది.

అమెరికన్లు వచ్చారు, న్యూయార్క్ నుంచి ఫ్రెంచివాళ్లు రైలెక్కి వచ్చారు. ఊరు నిండా ఉన్న తెలుగువాళ్లే రాలేదు. దుకాణాల్లో కనిపిస్తే పలకరించేవారు గానీ, "క్లబ్బులో పాడే ఆవిడ" అని వ్రతాలకు పిలిచేవారు కాదు. రాజేశ్వరమ్మ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సాయంత్రం కాగానే ఆమెకు పాట ఉండేది.

అరవై దాటాక ఆ పాటకే ముప్పొచ్చింది. థైరాయిడ్ ఆపరేషన్ తరువాత గొంతు పై స్థాయి అందుకోవడం మానేసింది. ఇక అది తిరిగి రాకపోవచ్చని డాక్టర్ చెప్పింది. రాజేశ్వరమ్మ క్లబ్ మూసి, ఇంట్లో రేడియో కూడా పెట్టకుండా కూర్చుంది.

క్లబ్‌లో పియానో వాయించే రిషిత ఎడిసన్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఒకరోజు తనే వచ్చి ఆమెను కార్లో ఎక్కించుకుని క్లబ్‌కి తీసుకెళ్లింది.

"ఆంటీ, మీ వాయిస్ పోలేదు. కిందకి వెళ్లింది. మనం కూడా అక్కడికి వెళ్దాం," అంటూ శ్రుతి బాగా దించి వాయించింది.

"ఇది ముసలి గొంతమ్మా."

"జస్ట్ ఒక్కసారి ట్రై చేయండి."

రాజేశ్వరమ్మ పాడింది. రెండో చరణంలో ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"మా నాయనమ్మ ఇలాగే పాడేది," అంది. "మళ్లీ వాయించు."

వసంతం రాకముందే, ఒక ఆదివారం మధ్యాహ్నం 'గోదారి' తెరుచుకుంది. మొదటి పాటలోనే అలవాటుగా గొంతు పైకెళ్లి జీరబోయింది. రాజేశ్వరమ్మ చెయ్యెత్తి పియానో ఆపించింది.

"అంత పైకి ఇక నేను వెళ్లనండి. ఎక్కడ ఉన్నానో అక్కడి నుంచి వినిపిస్తాను," అంది.

మళ్లీ మొదలుపెట్టింది. బరువుగా, మెత్తగా వచ్చిన ఆ గొంతుకు ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. ఫ్రెంచి పాటలయ్యాక, వేదిక మీద తన జీవితంలో మొదటిసారిగా తెలుగు పాట అందుకుంది. గోదావరి మీద పడవవాళ్లు పాడుకునే పదం అది. పియానో కూడా లేదు.

కుతూహలం కొద్దీ ఆరోజే తొలిసారి వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చున్న పద్మజ దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసింది. ఆమె భర్త పరంధామయ్య అక్కడి తెలుగు సంఘం అధ్యక్షుడు. తరువాతి ఆదివారం ఆమె ఆయన్నీ తీసుకొచ్చింది. పాటలయ్యాక పరంధామయ్య వేదిక దగ్గరికి వెళ్లాడు.

"మేడమ్, మన ఉగాది ప్రోగ్రామ్‌లో మీరు పాడాలండి. స్కూల్ ఆడిటోరియం బుక్ చేశాం."

"నా పాట నా వేదిక మీదేనండి, పరంధామయ్య గారూ. మీ ఉగాదినే ఇక్కడికి తెచ్చుకోండి."

ఆయన ఇబ్బందిగా భార్యవైపు చూశాడు.

"నైట్‌క్లబ్‌లో ఉగాదంటే, కమిటీలో..."

"కమిటీకి నేను చెప్తాలెండి," అంది పద్మజ. "ఆడిటోరియం క్యాన్సిల్ చేసేయండి."

ఉగాదినాడు 'గోదారి'లో కాలుపెట్టే చోటు లేదు. బార్ కౌంటర్ మీద వేపపువ్వు పచ్చడి గిన్నెలు, గుమ్మానికి మామిడాకులు. పట్టుచీరల అమ్మమ్మలు ముందు వరుసలో కూర్చున్నారు. ఎప్పుడూ వచ్చే ఫ్రెంచివాళ్లు వాళ్ల మధ్యే సర్దుకున్నారు. మొదటి పాట ముగిసేసరికి జనమంతా లేచి నిలబడి, ఆపకుండా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

రాజేశ్వరమ్మ నవ్వుతూ మైకు దగ్గరికి వంగింది.

"కూర్చోండమ్మా. రెండోది దీనికంటే బావుంటుంది."