పిలిచి ఆగాలి

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగక చాలా ఏళ్లయింది. అయినా పొద్దు వాలేసరికి రాధాబాయి చేతిలో పని ఆపి తల ఎత్తుతుంది. "గిప్పుడే కూసేదుండె," అంటుంది. ఆ ముసలి చెవిలో సైరన్ కోసం ఇంకా ఒక చోటు ఖాళీగా ఉంది. ఆమె దగ్గర పెరిగిన మనవరాలు సౌందర్యకు వినడం అట్లా అబ్బింది.

సౌందర్యను కని తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని నాందేడ్ దిక్కు వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. అవ్వామనవరాళ్ల ఇల్లు రుద్రూర్ దారిలో, చెరకు తోటల అంచున. చెరకు నిలువెత్తు ఎదిగిన నెలల్లో గడపలో నిలబడితే ఊరు కనిపించదు. ఆకుల అవతల దారి వెంట మాటలు నడిచిపోతుంటాయి. మనుషులు మాత్రం ఇవతలికి రారు. ఆ పిల్ల ఆ మాటలు వింటూ పెద్దదైంది. తాను మాట్లాడాల్సిన అవసరం ఎప్పుడూ పెద్దగా పడలేదు. బోధన్‌లో ఇంటర్‌లో చేరాక తోటివాళ్లు ఆమెకు 'మూగపోరి' అని పేరు పెట్టారు.

ఆ మూగపోరిని కాశయ్య తన దళంలోకి తీసుకున్నాడు. ఆయన అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైనవాడు. వానలకు వాగులు పొంగినప్పుడు, ముసలివాళ్లు మతిమరుపుతో తప్పిపోయినప్పుడు వెతకడానికి కాలేజీ పిల్లల్ని కూడగట్టి 'తోడు దళం' అని పేరు పెట్టాడు. తాడు విసరడం, నీళ్లలోంచి మనిషిని లాగడం నేర్పాడు. అన్నిటికన్నా ముందు నేర్పింది ఇంకొకటి.

"ఒర్రుడు కుక్క గూడ ఒర్రుతది. పిలిసినంక ఆగాలె. ఊపిరి గూడ బిగబట్టాలె. తప్పిపోయినోని గొంతు పిట్టగొంతు తీరుగుంటది. మీరు లొల్లి జేస్తే అది మీ కాళ్ల కింద్నే సచ్చిపోతది."

అందుకే విజిల్ సౌందర్య మెడలో వేశాడు. ఒకసారి ఊదితే అందరూ పిలవాలి, ఆపైన కదలకుండా ఆగాలి. వరసగా మూడుసార్లు ఊదితే దొరికినట్టు.

దళంలో ఆమె పక్కన నిలబడేది ప్రేమ్. 'సౌందర్యా' అని పేరు మొత్తం పలికేవాడు, చివరి అక్షరాన్ని కూడా వదలకుండా. ఆమెకు అవ్వ తర్వాత ఆ పేరు పిలిచిన గొంతు అదే. వినడంలోనూ వాడే మేటి. ఆగినప్పుడు వాడి చొక్కా కూడా కదలదు.

భానుప్రసాద్ వేరే తీరు. చేపలా ఈదుతాడు, నోరు ఊరుకోదు. ఒకసారి ఊళ్లో రామ్‌దాస్ అనే రైతు బర్రె చెరకులో తప్పిపోతే దళమంతా దాన్ని "లచ్చీ, లచ్చీ" అని పిలిచింది. బర్రె పలికింది కూడా.

"సూసినవా తాతా," అన్నాడు భాను. "బర్రె గూడ పిలిస్తే పలికె. మన ప్రేమ్‌గాన్ని కాలువల దిగుమంటే మాత్రం పలుకడు!"

అందరూ నవ్వారు. ప్రేమ్ కూడా నవ్వాడు. పక్కనే ఉన్న సౌందర్యకు ఆ నవ్వు ఎక్కడ తెగిందో వినిపించింది.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఇల్లు వదిలిన భాను తిరిగి రాలేదు. తెల్లవారాక అతని బండి రుద్రూర్ దారిలో, చెరకు తోట గట్టున కనిపించింది. పోలీసులు వచ్చారు, దళమూ వచ్చింది. భాను తల్లి పుష్పలత బట్టలు కుట్టే మిషన్ దగ్గర్నుంచి లేచి అట్లాగే పరుగెత్తుకొచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"కాలువ ఎవలన్న సూసిండ్రా?" కాశయ్య అడిగాడు.

"నేను పొద్దుగాల్నే సూసొచ్చిన తాతా," ప్రేమ్ అన్నాడు. "ఏం లేదు. బండి ఈడుంది గదా, చెరకుల్నే ఉంటడు."

వరసగా చెరకులోకి దిగారు. పైన తెల్లటి పూత గాలికి వంగుతోంది. కింద ఆకులు కత్తుల్లా చేతుల్ని గీస్తున్నాయి. సౌందర్య విజిల్ ఊదింది. "భానూ!" అని గొంతులన్నీ ఒక్కటై లేచి ఆకుల్లో ఇంకిపోయాయి. నిశ్శబ్దం.

కాదు. ఎక్కడో ఎండాకు నలుగుతోంది.

మళ్లీ ఊదింది. పిలుపు, ఆ తర్వాత మళ్లీ అదే చప్పుడు. ఆమె కుడిపక్క ఒకరు ఆగకుండా నడుస్తున్నారు. "భానూ, భానూ, భానూ" అని పిలుపు మీద పిలుపు వేస్తూ, జవాబుకు సందు ఇవ్వకుండా.

ప్రేమ్.

సౌందర్య వరస తప్పి ఆకులు తోసుకుంటూ వాడి దగ్గరికి వెళ్లింది.

"ఎందుకు ఆగుతలేవ్?"

"ఆగుతున్న గదా."

"పిలుస్తున్నవ్. ఇంటలేవ్."

వాడు చేతి మీది గీతల్ని చూసుకున్నాడు. ఆమెకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. నీళ్లంటే భయపడేవాడు కాలువకు ఒంటరిగా వెళ్లి చూసొచ్చాడట.

"కాలువ కాడ ఏం జూసినవ్ ప్రేమ్?"

వాడు కింద కూర్చుండిపోయాడు.

"దుంకరా, దుంకరా అని ఒకటే ఎగతాళి. తూము కాడ. వాన్ని నూకేసిన సౌందర్యా. షటర్‌కు తల తాకింది. ఈతొచ్చినోడే గని చేతులు ఆడుతలెవ్వు. రెండుమాట్ల పిలిసిండు నన్ను. 'ప్రేమూ' అన్నడు. ఎన్నడు గట్ల పిలువలే."

"తాడు?"

"నా భుజానే ఉండె." వాడి గొంతు పిట్టగొంతు అయింది. "తాత నేర్పినట్టే ఆగిన. ఇన్న. ఇనుకుంట నిలవడ్డ. కోపం పోయేదాక నిలవడ్డ. కోపం పోయేసరికి పిలుపు గూడ పోయింది. అటెంక వాని బండి తెచ్చి ఈడ పెట్టిన." మోకాళ్ల మధ్య తల దాచుకున్నాడు. "ఇప్పుడు ఆగితే మళ్ల ఇనబడుతది. గందుకే ఆగుతలే."

ఆమె విజిల్ చేతిలోకి తీసుకుంది.

"తాతకు చెప్పకు సౌందర్యా. నాకు నువ్వు తప్ప దోస్తు ఎవలున్నరు?"

ఆమెకు కూడా వాడు తప్ప ఎవరూ లేరు. విజిల్ పెదాలకు తాకింది, దిగింది. గట్టు మీంచి పుష్పలత గొంతు కొడుకును పిలుస్తోంది. పిలిచి, ఆగుతోంది. ఆమెకెవరూ నేర్పలేదు. మళ్లీ పిలుస్తోంది.

సౌందర్య వరసగా మూడుసార్లు ఊదింది.

చెరకంతా కదిలింది. నలుదిక్కుల నుంచీ పరుగులు. అందరికన్నా ముందు పుష్పలత వచ్చింది, ఆకులు ముఖాన్ని చీరుతున్నా నవ్వుతూ, "దొరికిండా? నా కొడుకు దొరికిండా బిడ్డా?" అంటూ.

"ఏడి? ఎవలు దొరికిండ్రు?" కాశయ్య రొప్పుతున్నాడు.

సౌందర్య కింద కూర్చున్న ప్రేమ్‌ను చూపించింది. "గీనే, తాతా. భాను కాలువల ఉన్నడు. తూము కాడ."

పుష్పలత ముఖం మీది నవ్వు వెంటనే పోలేదు. ఆ మాట ఆమెను చేరేదాకా అక్కడే ఉంది.

భానును మధ్యాహ్నానికి తూము కింద నుంచి తీశారు. ప్రేమ్‌కు అప్పటికి పద్దెనిమిది నిండలేదు. వాణ్ణి నిజామాబాద్‌లో బాలల గృహానికి పంపారు. సౌందర్య ఒకసారి వెళ్లింది. రానని లోపల్నుంచి కబురు పంపాడు. గేటు దగ్గర "ప్రేమూ" అని పిలిచి, బస్సు వేళ దాకా ఆగి, వచ్చేసింది. పిల్లల్ని ఇక పంపేది లేదని తల్లిదండ్రులు తెగేసి చెప్పాక దళం చెదిరింది. కాశయ్య ఇప్పుడు ఎక్కువగా ఇంట్లోనే ఉంటున్నాడు.

సౌందర్య నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఎక్కడైనా ఎవరైనా తప్పిపోయారంటే కబురు ఇంకా ఆమెకే వస్తుంది. మొన్న మోర్తాడ్ దగ్గర మతిమరుపు ముసలామె ఒకతె పసుపు చేన్లలో దారి తప్పింది. సౌందర్య ఒక్కతే దూరంగా వెళ్లి, పిలిచి, ఆగి, పిలిచి, చివరికి ఒక పొదలోంచి సన్నటి మూలుగు విన్నది. ముసలామెకు నీళ్లు తాగించి, నీడలో కూర్చోబెట్టి, తోడుగా ఒక కూలీ మనిషిని ఉంచి, ఆ ఎండలో చేన్లన్నీ దాటుకుంటూ ఇంటివాళ్ల దాకా నడిచింది. కొడుకు ఎదురుగా నిలబడి చెప్పింది. "మీ అవ్వ దొరికింది. పాణంతోని ఉంది."

వాళ్లంతా ఉరికారు. వెనకబడ్డ ఒకాయన ఆమె మెడ దిక్కు చూసి నవ్వాడు. "మెడల విజిల్ ఉండంగ గింతదూరం ఎందుకు నడిస్తివే పోరీ? ఊదరాదు?"

సౌందర్య విజిల్‌ను చొక్కా లోపలికి వేసుకుని, బస్సు కోసం రోడ్డు దిక్కు నడిచింది.