బక్కమ్మ తీసిచ్చే రంగు

ఐలేశం గాలానికి వానపామును గుచ్చడు, కప్పను గుచ్చడు. గొర్రె ఉన్ని పోగులు, కోడి ఈక ముక్క కలిపి దారంతో బిగించి కడతాడు. నీళ్లలో వేసి మెల్లగా లాగుతుంటే అది ప్రాణమున్న పురుగులా కొట్టుకుంటుంది. కొర్రమట్ట చేప దాన్ని నమ్మి నోరు తెరుస్తుంది. పానగల్ పక్కన, చెరువు నీళ్ల దగ్గర గొర్రెలు కాసుకుంటూ తనంతట తాను నేర్చుకున్న పని. ఊళ్లో అతన్ని 'దొంగ ఎర ఐలేశం' అంటారు. అన్నప్పుడల్లా నవ్వి ఊరుకుంటాడు. కానీ అందులో సగం పని అతని భార్య బక్కమ్మదని ఆ ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

రంగు ఎంచేది ఆమె. బతుకమ్మ పండుగకు తెల్లటి గునుగు పువ్వులను ముంచి అద్దగా మిగిలిన రంగునీళ్లను పారబోయనిచ్చేది కాదు. తెల్ల ఉన్నిని పోగులు తీసి ఎరుపులో కొన్ని, ఆకుపచ్చలో కొన్ని ముంచి దండెం మీద ఆరేసి, సంచిలో దాచేది. వానకు కొత్తనీళ్లు వచ్చి చెరువు చిక్కబడితే ఎర్రది కట్టాలి. నీళ్లు తేటబడి అడుగు కనబడుతుంటే ఆకుపచ్చది. బక్కమ్మ పొద్దున్నే నీళ్లు చూసి వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి ఒక పోగు తీసి, రంగు పేరు చెప్పకుండా మొగుడి అరచేతిలో పెట్టేది.

పేరు చెప్పినా లాభం లేదు. ఐలేశానికి ఎరుపుకు, ఆకుపచ్చకు తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. రెండూ ఎండిన మట్టిలాగే కనబడతాయి.

పెళ్లయిన కొత్తలో ఇది బయటపడబోయింది. ఎవరి గొర్రెల మీద వాళ్ల రంగు గుర్తు ఉంటుంది కదా. వీళ్లది ఎరుపు, వీరేశం మందది ఆకుపచ్చ. ఒకరోజు నీళ్ల దగ్గర రెండు మందలూ కలిసిపోయాయి. విడదీసేటప్పుడు ఐలేశం వీరేశం గొర్రెల్ని కూడా తోలుకొచ్చాడు. చీకటి పడకముందే వీరేశం నలుగురిని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చి దొంగతనం అంటగట్టాడు. ఐలేశం రంగు గుర్తులు పోల్చుకోలేడని తేలితే ఇక ఎవరూ అతని చేతికి మందను అప్పజెప్పరు. అప్పుడు బక్కమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ముందుకొచ్చింది.

"గొర్లను ఏరింది నేను. నాకు రంగులు తెల్వయి. తప్పయింది, మీయి మీరు తోలుకపోండ్రి" అంది.

అందరూ పగలబడి నవ్వి గొర్రెలను తోలుకుని వెళ్లిపోయారు. మనుషులకు వెక్కిరించడానికి ఒక సాకు దొరకాలే గాని, దాన్ని నగలా దాచుకుంటారు. ఆనాటి నుంచి ఆమె 'రంగులు తెల్వని బక్కమ్మ' అయిపోయింది. ముసలితనం వచ్చినా ఆ పేరు పోలేదు. ఐలేశం గొర్రెల ముఖాలు చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నాడు గాని, ఆ పేరు మాపడానికి మాత్రం నోరు తెరవలేదు. కూతురు త్రివేణి పెళ్లికి నల్లగొండలో చీరల దుకాణానికి పోయినప్పుడు బక్కమ్మ ముచ్చటపడి ఒక చీర చేతిలోకి తీసుకుంది. "నీకేం తెల్సే అమ్మా, జర పక్కకు కూసో" అంది త్రివేణి. బక్కమ్మ చీర మడత పెట్టేసి పక్కన కూర్చుంది. ఐలేశం కూడా అక్కడే ఉన్నాడు. కాళ్లకేసి చూసుకున్నాడు.

మొన్న శ్రావణంలో బక్కమ్మ మంచాన పడింది. దవాఖానలో చూసి, ఇక ఇంటికి తీసుకపొమ్మన్నారు. నోటికి ఏదీ సయించలేదు. ఒక్క కొర్రమట్ట పులుసు మాత్రం అడిగింది. కొత్తనీళ్లు వచ్చిన రోజులు. ఎర్రది కట్టాలని ఐలేశానికీ తెలుసు. సంచి విప్పి చూస్తే అన్నీ మట్టి పోగులే. తల్లిని చూసుకోవడానికి వచ్చిన త్రివేణి పక్కనే ఉంది. అడిగితే చిటికెలో తీసిచ్చేది. అడగడానికి సిగ్గుపడ్డాడు. చేతికి దొరికింది కట్టుకుని పోయాడు. పొద్దంతా కూర్చున్నా గాలం కదల్లేదు.

"దొరకలే" అన్నాడు, ఇంటికొచ్చి మంచం పక్కన కూలబడి.

"ఏది కట్టినవయ్యా?" అంది బక్కమ్మ. అతను గాలం చూపించాడు. ఆమె కళ్లు చిట్లించి చూసి సన్నగా నవ్వింది. "అది ఆకుపచ్చదిరా పిచ్చోడా. రేపు నేను తీసిస్త తియ్యి."

తెల్లవారేసరికి బక్కమ్మ లేదు.

మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకులు వచ్చి కొమ్మ మీద కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదు. బక్కమ్మకు ఏదో కోరిక ఉండిపోయిందన్నారు. అది ఏమిటో ఐలేశానికి తెలుసు. పదకొండో నాటి పెద్దదినానికి ముందు రోజు సంచి తీసుకుని కూతురి దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, ఇండ్ల ఎర్రది ఏదో తీసియ్యి."

"కండ్ల ముంగటనే ఉన్నది గద బాపు."

"నాకు తెల్వది. ఎన్నడు తెల్వది. అన్ని మీ అమ్మనే తీసిచ్చేది."

త్రివేణి తండ్రి ముఖంలోకి చూసింది. "మరి ఆ వీరేశం తాత గొర్లు?"

"ఏరింది నేనే. మీ అమ్మకు అన్ని రంగులు తెల్సు."

త్రివేణి ఉన్న చోటనే చతికిలబడింది. "అయ్యో, చీరెల దుకాణంల..." అని, మిగతా మాట అనలేక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపటికి సంచిలో చెయ్యి పెట్టి ఒక పోగు తీసి, తల్లిలాగే ఏమీ అనకుండా తండ్రి అరచేతిలో పెట్టింది. ఆ పూట ముంజేయంత కొర్రమట్ట పడింది. అడిగితే అయిపోయే అంత తేలిక పని అది.

పెద్దదినం నాడు పులుసు పెట్టిన విస్తరి చుట్టూ చుట్టాలు, ఊరివాళ్లు నిలబడ్డారు. కాకి వచ్చింది. కొమ్మ దిగలేదు. ఎదురుచూసి ఎదురుచూసి అందరికీ కాళ్లు లాగుతున్నాయి.

"రంగులు తెల్వని బక్కమ్మ గదా," అన్నాడు ముసలి వీరేశం ప్రేమగానే, "పులుసు ఏదో, పప్పు ఏదో గుర్తువడ్తలేదేమో." నలుగురు మెల్లగా నవ్వారు.

ఐలేశం అందరి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"వీరేశం, నీ గొర్లను తోలుకపోయింది నేను. రంగులు తెల్వనిది నాకు. బక్కమ్మ ఆ తప్పు నా మీదికెల్లి తీసి తన మీద ఏసుకున్నది. నేను సప్పుడు జేయక బతికిన."

వీరేశం తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. అంతలో వెనక నుంచి ఎవరో "పిట్ట ముట్టింది, పిట్ట ముట్టింది" అన్నారు. అందరూ అటు తిరిగి దండం పెట్టారు. ఐలేశం తిరగలేదు.

"బాపు, అమ్మ తింటాంది, సూడు" అని త్రివేణి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆకలికి పిట్ట తినకేం జేస్తది బిడ్డా," అన్నాడు ఐలేశం. "గీ మాట మీ అమ్మ పానముండంగ ఇనాలె గద."