మెడ దగ్గర మోగలేదు

మా పాప మీద ఒట్టు వెయ్యమంటే మాత్రం వెయ్యను. ఎందుకంటే ఈ సంగతిలో మా పాప ఉంది. కానీ జరిగింది జరిగినట్టే చెబుతున్నాను... ఒక్క ముక్క కల్పించలేదు. ఇలాంటివి ఎవరైనా చెబితే నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే. మీరూ నవ్వుకోండి, ఏమీ అనుకోను.

మాది తెనాలి. బాపట్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రీషియన్‌ని. రైల్లో వెళ్లి వస్తాను. ఇంటి వెనక చిన్న రేకుల షెడ్డు ఉంది, నా పిచ్చంతా అందులోనే. పాత బుల్లెట్టు ఒకటి తెచ్చి దాన్ని చాపర్‌గా మార్చాలని... అంటే ముందు చక్రం బాగా ముందుకి చాచుకుని, పొడుగు ఫోర్కులు, ఎత్తు హ్యాండిలు, కిందికి దిగిన సీటు. మా ఆవిడ సునీత దాన్ని మీ రెండో సంసారం అనేది.

ఆ బండి రేపల్లెలో దొరికింది. దాన్ని నడిపిన ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు, తర్వాత పోయాడు. రైలు స్టేషన్లో ఆగగానే పొడుగు కర్ర సుత్తితో చక్రాల మీద కొట్టి మోత వినడం ఆయన ఉద్యోగం. బాగున్న ఇనుము ఖంగుమంటుంది. పగులుంటే మోగదు. బండితో పాటు ఆ సుత్తిని కూడా ఆయన భార్య మరియమ్మగారు నా చేతిలో పెట్టారు.

"బండి తీసేముందు ఓసారి కొట్టి వినండి బాబూ. ఆయన కొట్టకుండా ఏ రోజూ బండెక్కలేదండి" అన్నారు.

అలాగేనండి అన్నాను. దారంతా నవ్వుకున్నాను. సుత్తిని షెడ్డులో మేకుకి తగిలించి మరిచిపోయాను.

చాపర్‌కి ప్రాణమంతా మెడలో ఉంటుంది. హ్యాండిలు తిరిగే గొట్టం ఫ్రేముకి అతికే చోటది. చక్రం ముందుకి చాచాలంటే అక్కడ కోసి, వాలు మార్చి, మళ్లీ అతకాలి. ఆ పని మా బామ్మర్ది రాజేష్‌కి అప్పజెప్పాను. రేపల్లెలో గ్రిల్స్ షాపు వాడిది, వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు. ముందు నాలుగు చుక్కలు పెట్టి నిలబెడతారు. వాలు సరిపోయిందనుకున్నాక చుట్టూ నిండుగా వెల్డింగు చేస్తారు. వాడు చుక్కలు పెట్టిన సాయంత్రమే హ్యాండిలు ఎత్తు దగ్గర మాకు మాటా మాటా వచ్చింది. కొమ్మ పట్టుకుని వేలాడే కోతిలా ఉంటావు బావా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. రాత్రి డ్యూటీ ఉందని విసవిసా వెళ్లిపోయాను.

పొద్దున వచ్చి చూస్తే వాడు లేడు. నిజాంపట్నంలో బోటు రిపేరు పని తగిలి తెల్లవారుజామునే వెళ్లాడని సునీత చెప్పింది. బండి మెడ మీద మాత్రం అతుకు కనపడకుండా పుట్టీ నున్నగా రాసి ఉంది. పుట్టీ రాశాడంటే వెల్డింగు అయిపోయినట్టే కదా... అనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే తక్కువైపోతానని అడగలేదు. ఎమరీ పేపరు పట్టాను. మెరూన్ రంగు మూడు కోట్లు వేశాను. మెడ అద్దంలా మెరిసింది.

ఇక ఆ శనివారం రాత్రి...

ఆ వారమంతా రాత్రి డ్యూటీలే. ఆ ఒక్క రాత్రి సెలవు పెట్టాను. తెల్లవారి ఐదింటికి మొదటి ప్రయాణం, సూర్యలంక బీచికి. వెనక సునీత, ముందు ట్యాంకు మీద మా పాప. దానికి ఏడేళ్లు. ట్యాంకు మీద జారిపోతానని బొమ్మ దిండు ఒకటి తెచ్చి తాడుతో కట్టించుకుంది.

రెండింటికి మెలకువ వచ్చింది.

ఖంగ్...

పెరటి వైపు నుంచి. కాసేపాగి మళ్లీ... ఖంగ్.

దొంగ అనుకున్నాను. కానీ దొంగకి తొందర ఉంటుంది. ఈ చప్పుడులో తొందర లేదు. ఒక దెబ్బ. ఆగడం. ఇంకో దెబ్బ. ఆగడం... కొట్టి వింటున్నారు. ఆ మాట మనసులోకి వచ్చేసరికి మంచం దిగాను.

ఫోను లైటు వేసుకుని పెరట్లోకి దిగాను. ఆ బండిని ఊడదీసి బిగించినవాణ్ణి, ఏ ముక్క ఎలా మోగుతుందో నాకు తెలుసు. వెనక చక్రం... ఇంజను కింద గొట్టం... ముందుకి వస్తోంది... ట్యాంకు కింద పట్టీ...

షెడ్డుకి బయట తాళం వేసే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. తాళం మీద చెయ్యి వేశాను.

ఠప్.

మోగలేదు. తడిసిన చెక్క మీద కొట్టినట్టు. మళ్లీ... ఠప్. మూడోసారి కొట్టినప్పుడు తలుపు రేకు నా వేళ్ల కింద అదిరింది.

తర్వాత ఏమీ లేదు. చివరికి తలుపు తీశాను. ఎవరూ లేరు. సుత్తి మేకుకే ఉంది. బండి రంగు మీద గీత కూడా లేదు.

ఎలక్ట్రీషియన్‌ని కదా, కారణం వెతికాను. రాత్రి చలికి రేకులు చప్పుడు చేస్తాయి. ఎలుకలు తిరుగుతాయి. ఏదో ఒకటి. వెళ్లి పడుకోబోయాను... కానీ నేనూ ఓసారి కొట్టి చూడకుండా వెళ్లలేక సుత్తి తీశాను. వెనక నుంచి మొదలుపెట్టి కొట్టాను. ఖంగ్. ఖంగ్. ఖంగ్. మెడ మీద కొట్టాను.

ఠప్.

పుట్టీ ఉంది కాబట్టి మోగదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి తిరిగితే లైటు పాప దిండు మీద పడింది. అంతే... గీకుడు బిళ్ల తీసుకుని, మూడు కోట్ల రంగునీ చెక్కేశాను.

కింద వెల్డింగు లేదు. నాలుగు చుక్కలు, శనగ గింజలంతవి. అందులో ఒకటి అప్పటికే పగిలి ఉంది. మిగతా చుట్టూ సందే. నా గోరు దిగింది.

మొదటి గోతిలోనే మెడ ఊడేది. అందరికంటే ముందు పాప పడేది.

గీకిన చప్పుడుకి సునీత లేచి వచ్చింది. చూపించాను. తనూ సందులో గోరు పెట్టి చూసింది. ఆ వేళప్పుడే రాజేష్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. వాడు నిద్రమత్తులో చెప్పాడు. షేపు ఎలా ఉంటుందో చూద్దామని చుక్కల మీదే పుట్టీ రాశాడట. గీకేసి వెల్డింగు చేద్దామనుకుంటే ఈలోగా బోటు పనికి పిలుపొచ్చింది. రంగు వేశానని అక్క చెబితే, తనని కాదని వేరే ఎవరి చేతో చేయించానని అలిగాడు. అందుకే వాడూ ఫోన్ చెయ్యలేదు.

"ఈ వారంలో ఎప్పుడైనా తెనాలి వచ్చావా?" అని అడిగాను.

"ఎక్కడ బావా... బోటు మీంచి దిగితే కదా" అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. సునీత గోడ పట్టుకుని నిలబడింది.

"అయితే మూడు రాత్రుల్నుంచీ కొడుతోంది ఎవరండీ?"

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పింది. నేను డ్యూటీలో ఉన్న ఆ చివరి మూడు రాత్రులూ షెడ్డులో చప్పుడు వినిపించిందట. వాడికి నాతో మాటల్లేవు కదా, నేను లేనప్పుడు తమ్ముడు వెనక గేటు నుంచి వచ్చి పని చేసుకుంటున్నాడనుకుంది. వాడి దగ్గరా ఒక తాళంచెవి ఉంది మరి. అడిగితే సిగ్గుపడతాడని వాడినీ అడగలేదు, నాకూ చెప్పలేదు.

ముగ్గురం ఆ పని ఇంకొకరు చేశారులే అనుకున్నవాళ్లమే.

ఐదింటికి పాప కళ్లు నులుముకుంటూ టోపీ పెట్టుకుని వచ్చింది. "నాన్నా, బయల్దేరదామా?" అంది. ఎత్తుకుని ఏడ్చాను. ఎందుకో దానికి అర్థం కాలేదు.

రాజేష్ వచ్చి నిండుగా వెల్డింగు చేశాడు. కొట్టి చూశాం, ఖంగుమంది. పుట్టీ రాయనివ్వలేదు, అతుకు అలాగే కనపడుతుంది. ఆ తర్వాత ఏ రాత్రీ చప్పుడు లేదు. మరియమ్మగారికి చెప్పాలని రెండుసార్లు రేపల్లె వెళ్లాను. టీ తాగి వచ్చేశాను. ఏమని చెప్పను?

రేకులో, ఎలుకలో, ఆయనో... నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ నాలుగో రాత్రి సెలవు దొరక్కపోతే, నేను నేరుగా డ్యూటీ నుంచి వచ్చి, పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని బండి తీసేవాణ్ణి.