చివరి నాలుగు గళ్ళు

బందరు నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సులో పేపరు ఎవరు కొన్నా అది అందరిదీ. అందుకే పక్క సీటు పెద్దాయన "ఆ షీటు ఒకసారి ఇటివ్వమ్మా" అంటే కాదనలేకపోయాను.

అందులో నేను పూరిస్తున్న ఆదివారం గళ్ళ నుడికట్టు ఉంది. ఆ ఆధారాలు పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి దాస్తాయి. దాచింది చిక్కినప్పుడల్లా నాలో నేనే నవ్వుకునేదాన్ని. చిక్కనప్పుడు అన్నం సహించేది కాదు. ఎవరినీ అడక్కుండా, ఫోనులో వెతక్కుండా ఒక్కసారైనా మొత్తం నేనే పూర్తి చేయాలని పంతం. నాలుగు రోజులు పెన్సిలుతో రాస్తూ చెరుపుతూ వచ్చాను. ఇక ఒక్క నిలువు మాట, నాలుగు గళ్ళు మిగిలాయి. అది నాలుక చివరే ఆడుతోంది.

ఆయన జేబులోంచి బాల్‌పెన్ను తీశారు. నేను నోరు తెరిచేలోగా నాలుగు గళ్ళూ నింపేశారు.

"ఇంత చిన్నదానికి అంత ఆలోచనేంటమ్మా! ఖాళీ గళ్ళు కనబడితే నా చెయ్యి ఊరుకోదులే" అని నవ్వుతూ షీటు నా ఒళ్ళో పెట్టారు.

సమాధానం సరైనదే. ఒళ్ళు భగ్గుమంది. "మిమ్మల్నెవరు రాయమన్నారండీ?" అని అరవాలనిపించింది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం "థాంక్సండీ."

"పర్లేదమ్మా" అని ఆయన చల్లపల్లిలో దిగిపోయారు.

ఇంటికెళ్ళి ఆ అక్షరాలను రబ్బరుతో రుద్దాను. ఇంకు పోలేదు, కాయితం చిరిగింది. ఆ మాట ఇప్పటికీ ఏ పుస్తకంలో కనబడినా గబుక్కున పేజీ తిప్పేస్తాను. ఆయన మీద కోపం ఎప్పుడో పోయింది. నేను చెప్పిన ఆ థాంక్స్ మీద మాత్రం పోవడం లేదు.