మంచు మీద మన వాటా

ఆస్ట్రేలియాలో మా కేరమ్ డౌన్స్ గుడిలో దర్శనమయ్యాక పులిహోర తింటుండగా డాక్టరుగారు రుమాలు విప్పి ఒక నల్లరాయి బల్ల మీద పెట్టారు. పాతికేళ్లుగా ఆదివారాలు మేమిద్దరం ఆ బల్ల దగ్గరే కూర్చుంటాం. ఓడెక్కి అంటార్కిటికా చూసి ఆయన అప్పుడే తిరిగొచ్చారు.

"దిగగానే సంకల్పం చెప్పుకున్నానండి. ఆస్ట్రేలియా దేశే, హిమఖండే అని. అఫీషియల్‌గా మనదేగా. కింద బొగ్గు, ఇనుము, ఏం లేవు చెప్పండి. వన్ డే తవ్వుతారు. ఇది మా పూజా మందిరంలో పెడతా. ఇందులో ఏముందో కొంచెం చూడండి అన్నగారూ."

సంకల్పంలో ఉన్న చోటు చెప్పుకోవడం దేవుడికి చిరునామా ఇవ్వడానికే అనుకునేవాణ్ణి. భూమి రిజిస్ట్రేషన్‌కీ పనికొస్తుందని ఆ రోజే తెలిసింది.

నేను రిటైరయ్యేదాకా మ్యాపుల ఆఫీసులో గీతలు గీశాను. ఏడు దేశాలు ఆ మంచును కేకు ముక్కల్లా కోసుకున్నాయి. తర్వాత ఒప్పందం రాసుకుని హక్కుల మాట పక్కన పెట్టాయి, తవ్వకాలు వద్దనుకున్నాయి. అయినా మ్యాపుల్లో గీతలు చెరపలేదు. పాలివాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఎక్కడ దిగారు?" అన్నాను.

"రాస్ సముద్రం వైపు."

"అది న్యూజిలాండ్ ముక్క. పొరుగువాడి చేలో నిలబడి సంకల్పం చెప్పుకున్నారన్నమాట. రాయి సంగతంటారా, ఇక్కడ ట్రుగనీనాలో మా ఇంటి పెరడు తవ్వినా ఇదే వస్తుంది. పైగా అక్కణ్ణుంచి గులకరాయి తేవడం కూడా నేరం."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆయన రాయిని మళ్లీ రుమాల్లో చుట్టుకున్నారు. "మీకు గీతలు తప్ప మనుషులు కనపడరు," అని లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం ఇదంతా డైరీలో గొప్పగా రాసుకున్నాను. ఆఫీసు మ్యాపులో ఆ ముక్కలకు నేను రంగులు వేసింది ఎప్పుడో చూద్దామని పాత డైరీ తీశాను. నా దస్తూరీలోనే ఉంది: "ఈ రోజు మన వాటాకు గులాబి రంగు వేశాను. బాగా కుదిరింది."

మన వాటా. అక్కడ కాలు కూడా పెట్టనివాణ్ణి. ఆయన ఓడలో వాంతులు చేసుకుంటూనైనా వెళ్లొచ్చారు.

నాలుగు ఆదివారాలు ఆయన రాలేదు. ఫోను చేద్దామని రోజూ డైరీలో రాసుకున్నాను గానీ చేయలేదు. మొన్న గుడిలో ఒకాయన ప్లేటు పట్టుకొచ్చి ఎదుటి కుర్చీ లాగబోయాడు.

"అది మా డాక్టరుగారిదండి," అన్నాను.

"వస్తున్నారా అంకుల్?"

నా చేతిసంచి తీసి ఆ కుర్చీలో పెట్టాను.